గాజు తొట్టి వద్దు, 1500లో రెండు ఎలుకలకి మంచి గూడు కావాలి (విజయవాడ)

బెజవాడ_బుల్లోడు | ఏప్రిల్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండు నెలల క్రితం రెండు ఆడ ఎలుకల్ని తెచ్చుకున్నాను. ఒకదాని పేరు నువ్వు (నువ్వుల గింజ), ఇంకోదాని పేరు బెల్లం. నువ్వుకి తల, భుజాలు నల్లగా ఉండి వీపు మీద సన్నటి నల్ల చార ఉంటుంది. బెల్లం పేరుకి తగ్గ రంగు. కొన్న చోట షాపతను "చేపల తొట్టి అయితే పారిపోవు" అని రెండడుగుల గాజు తొట్టి కూడా అంటగట్టాడు. పైన చిల్లుల రేకు మూత, కింద రంపపు పొట్టు.

వారం నుంచి బెల్లం తుమ్ముతోంది. నువ్వు ముక్కు చుట్టూ ఎర్రగా మరకలు. రక్తమేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. రెండు రోజులకోసారి తొట్టి కడుగుతున్నా, మూత తీస్తే చాలు ఘాటు కళ్ళకి తగులుతోంది. నేనుండేది మూడో అంతస్తు, పైన డాబానే. ఏసీ లేదు. ఇప్పటికే మధ్యాహ్నం గది ఉడికిపోతోంది, మేలో ఏమవుతుందో.

ఆన్‌లైన్‌లో మంచి పంజరం చూస్తే ఐదారు వేలు చెబుతున్నారు. నా దగ్గర 1500 ఉన్నాయి. ఈ డబ్బులో వాటికి సరైన ఇల్లు కుదురుతుందా?

---

పంజరం_మేస్త్రి | ఏప్రిల్ 2, రాత్రి 10:25

కుదురుతుంది తమ్ముడూ. ముందు ఆ ఎరుపు సంగతి. దూది తడిపి తుడిచి చూడు. రక్తం కాదు, పార్ఫిరిన్ అని కంటి వెనక గ్రంథిలోంచి వచ్చే ఎర్రటి ద్రవం. ఎలుక ఒత్తిడిలో ఉన్నా, ఒంట్లో బాగోకపోయినా అది ఎక్కువగా కారుతుంది. అంటే మీ ఎలుక నువ్వు సంతోషంగా లేదని అర్థం. బెల్లాన్ని చెవి దగ్గర పెట్టుకుని విను. ఊపిరి తీసేటప్పుడు గరగరమన్నా, పక్కటెముకలు లోపలికి పీక్కుపోతున్నా ఇల్లు తర్వాత, ముందు డాక్టర్.

ఇక తొట్టి. నాలుగు వైపులా గాజు ఉంటే గాలి కదలదు. పొట్టులో ఇంకిన మూత్రాన్ని బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. నీకు మూత తీసినప్పుడు ఒక్క క్షణం తగిలే ఘాటుని వాటి ముక్కు ఇరవై నాలుగు గంటలూ పీలుస్తోంది. పెంపుడు ఎలుకల్లో చాలావాటి ఊపిరితిత్తుల్లో మైకోప్లాస్మా అనే క్రిమి ముందే ఉంటుంది. అమ్మోనియా తగిలితే అదే విజృంభిస్తుంది. కాబట్టి నువ్వెంత కడిగినా తొట్టి తొట్టే.

కొలత: ఒక్కో ఎలుకకి కనీసం రెండు ఘనపుటడుగులు. రెండింటికి రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉంటే హాయిగా సరిపోతుంది. ఎలుకలు ఎక్కుతాయి, వేలాడతాయి, కాబట్టి ఎత్తు కూడా లెక్కే.

1500లో మూడు దారులు: పెద్ద ప్లాస్టిక్ టబ్బుకి కిటికీలు కోసి మెష్ బిగించడం, పాత పక్షుల పంజరం, లేదా పాత ఇనప కూలర్ డబ్బా. నా ఓటు కూలర్‌కి. మీ వీధిలో పాత సామాన్ల వాళ్ళని ఒకసారి అడుగు.

---

గోదారి_గట్టు | ఏప్రిల్ 3, ఉదయం 6:50

బాబూ, నేను రాజమండ్రి నుంచి. ముప్ఫై ఏళ్ళుగా పక్షుల్ని పెంచుతున్నాను, నాలుగేళ్ళుగా మనవరాలి కోసం ఎలుకల్ని కూడా. లవ్ బర్డ్స్ పెంచి మానేసిన ఇళ్ళలో పెద్ద పంజరాలు ఊరికే పడి ఉంటాయి. నాకు 700కి వచ్చింది, మూడడుగుల పొడవుది. కొనేముందు ఊచల మధ్య చిటికెన వేలు పెట్టి చూసుకో. అరంగుళం మించితే వద్దు.

రెండు చోట్ల జాగ్రత్త. పక్షుల పంజరం తలుపులు పైకి జరిగే రకం. ఎలుక మూతితో ఎత్తి బయటికి వచ్చేస్తుంది, నేను కళ్ళారా చూశాను. ప్రతి తలుపుకీ ఒక కొక్కెం పెట్టాలి. రెండోది, అడుగున ఊచల నేల. ఎప్పుడూ తీగల మీదే నడిస్తే అరికాళ్ళు ఒరిసి, వాచి, పుండ్లు పడతాయి. మా మొదటి ఎలుకకి అలాగే అయింది. కుడి మడమ కింద కందిగింజంత ఎర్రటి గడ్డ. నయం కావడానికి రెండు నెలలు పట్టింది, మనవరాలు రోజూ పొద్దున్నే దాని కాలు పట్టుకుని చూసేది. ఆ రోజే ఊచల నేల మొత్తం కోసేసి కింద ప్లాస్టిక్ ట్రే పెట్టాను.

---

చిట్టెలుకల_ఇల్లు | ఏప్రిల్ 3, ఉదయం 10:15

నమస్తే, నేను కరీంనగర్ నుంచి. నా దగ్గర చిట్టెలుకలు ఉన్నాయి, ఐదు ఆడవి. మేస్త్రి అన్నా, టబ్బు చిట్టెలుకలకి బంగారం, పెద్ద ఎలుకలకి మాత్రం నేను ఒప్పుకోను. నున్నటి ప్లాస్టిక్ గోడని అవి కొరకలేవు, నిజమే. పళ్ళకి పట్టు దొరకదు. కానీ కిటికీ కోసిన అంచు ఉంటుంది కదా, అక్కడ పట్టు దొరికిందంటే ఒక్క రాత్రి చాలు. పైగా టబ్బు మూత తీస్తే తప్ప చెయ్యి పెట్టలేం. చెయ్యి ఎప్పుడూ పైనుంచి గద్దలా వస్తే పిరికి ఎలుక ఎప్పటికీ మచ్చిక కాదు.

చిట్టెలుకలకి టబ్బు కట్టేవాళ్ళ కోసం నా లెక్క రాస్తాను. 60 లీటర్ల టబ్బు. మూతలో, రెండు పక్కలా చెయ్యి పట్టేంత కిటికీలు. మెష్ కచ్చితంగా పావంగుళం రంధ్రాలది, అరంగుళం పనికిరాదు. చిట్టెలుక పుర్రె దూరిందంటే ఒళ్ళంతా దూరినట్టే. మెష్‌ని లోపలి వైపు నుంచి పెట్టి కోసిన అంచు మొత్తం కప్పాలి. అడుగున ఆరంగుళాల ఎత్తున పొట్టు, ఎందుకంటే అవి సొరంగాలు తవ్వుకుంటాయి. అంతా కలిపి నాకు 1100 అయింది.

---

పంజరం_మేస్త్రి | ఏప్రిల్ 3, ఉదయం 10:40

ఒప్పుకుంటున్నాను అక్కా. కోసిన అంచు విషయంలో మీరన్నదే కరెక్టు. పెద్ద ఎలుకలకి టబ్బు అత్యవసరానికే.

---

ఫార్మా_పిల్ల | ఏప్రిల్ 3, సాయంత్రం 5:30

అందరూ గోడల గురించి చెబుతున్నారు, నేను నేల గురించి చెబుతాను. నేను ఫార్మసీ చదువుతున్నాను. మా కాలేజీ ఎనిమల్ హౌస్‌లో (ప్రయోగాల జంతువుల్ని ఉంచే చోట) పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ డబ్బాలు, పైన స్టీల్ గ్రిల్లు, కింద వరి ఊక. అది చూసి నేనూ మొదట్లో ఇంట్లో ఊకే వేశాను. కానీ అక్కడ ఊకని ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో) పెట్టి వాడతారు, గది ఉష్ణోగ్రత 22 డిగ్రీల దగ్గర కట్టేసి ఉంటుంది, గాలి మార్చే యంత్రాలుంటాయి. మిల్లు నుంచి నేరుగా తెచ్చిన ఊకలో దుమ్ము, పురుగులు. గింజ కొస గుచ్చుకుంటుంది కూడా. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కి చూడండి, మన అరచేతికే తెలుస్తుంది. ఆ డబ్బాల సైజు కూడా ప్రయోగాల సౌకర్యం కోసం పెట్టింది, ఇంట్లో పెంచేవాళ్ళు దాన్ని కొలతగా తీసుకోకూడదు.

రంపపు పొట్టు ఇవాళే మానేయండి. అది పిండిలా ఉంటుంది, నేరుగా ముక్కులోకి పోతుంది. వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా వచ్చే పొట్టు దానికన్నా నయం. కానీ ఏ చెక్కో అడగాలి. ప్లైవుడ్‌ది అయితే జిగురు ఉంటుంది. దేవదారు, పైన్ అసలు వద్దు. వాటి వాసనే చెప్తుంది, ఆ వాసనిచ్చే పదార్థాలు ఊపిరితిత్తుల్ని మండిస్తాయి, కాలేయం మీద భారం వేస్తాయి. ప్యాకింగ్ పెట్టెలు చాలావరకు పైన్‌వే.

అన్నిటికన్నా చవక కాగితం. చింపిన పేపర్లు, టేపు పీకేసిన అట్టపెట్టె ముక్కలు. నేను కొరియర్ డబ్బాలు దాచుకుంటాను. పాత నూలు చీర ముక్కలు వేస్తే పోగులు ఊడి కాలి వేళ్ళకి చుట్టుకుంటాయి, వేలు చచ్చుబడిపోతుంది. గుడ్డ వేయాలంటే పోగులు రాని ఫ్లీస్ దుప్పటి ముక్క వేయండి.

ఇంకోటి. మొత్తం కడిగేసిన ప్రతిసారీ పాత పొట్టు గుప్పెడు తిరిగి వేయండి. తమ వాసన పూర్తిగా పోతే అవి కంగారుపడి ఇంకా ఎక్కువ చోట్ల మూత్రం పోసి గుర్తులు పెడతాయి. రోజూ తడిసిన మూల మాత్రం తీసేసి, నాలుగైదు రోజులకోసారి మొత్తం మారిస్తే చాలు.

---

బెజవాడ_బుల్లోడు | ఏప్రిల్ 4, రాత్రి 8:10

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థ్యాంక్స్. సాయంత్రమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. మందు రాశారు, గూడు మార్చమనే ఆయనా అన్నారు. రాత్రికి రెండింటినీ గోదారి గట్టు గారు చెప్పినట్టు తలుపు కట్టేసిన చిన్న పక్షుల పంజరంలో ఉంచాను, పక్కింటి ఆంటీ అరువిచ్చారు.

ఇంకో మంచి వార్త. మా ఓనర్ గారి డాబా మీద మోటారు కాలిపోయిన ఇనప కూలర్ ఉంది. "తీసుకుపో, నాకు చోటు మిగులుతుంది" అన్నారు. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, మూడడుగుల ఎత్తు. ఇప్పుడు ఏం చెయ్యాలి?

---

పంజరం_మేస్త్రి | ఏప్రిల్ 4, రాత్రి 11:05

నీ పంట పండింది. దాదాపు పన్నెండు ఘనపుటడుగులు ఊరికే వచ్చాయి. వరసగా చెబుతాను, తొందరపడకు.

మోటారు, పంపు, ఫ్యాను, వైర్లు అన్నీ పీకెయ్. ఒక్క వైరు ముక్క కూడా లోపల మిగలకూడదు. గడ్డి పారెయ్, దాన్ని కడిగి పొట్టుగా వాడదామనుకోవద్దు. ఏళ్ళ తరబడి తడిసి బూజు పట్టి ఉంటుంది. తర్వాత లోపల తుప్పు, ఊడుతున్న రంగు చూడు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఎలుక నాకుతుంది, కొరుకుతుంది. ఉప్పు కాగితం తడిపి రుద్దు, ముక్కుకి గుడ్డ కట్టుకో, ఆ పని ఎలుకలకి దూరంగా డాబా మీదే చెయ్. రేకు చిల్లులు పడి రాలిపోతుంటే ఆ కూలర్ మీద ఆశ వదిలెయ్, ఇంకోటి దొరుకుతుంది.

మూడు పక్కలా ఉన్న గడ్డి పలకలకి లోపలి వైపు అరంగుళం వెల్డెడ్ మెష్. చికెన్ మెష్ ఇస్తానంటారు, చవక కూడా. తీసుకోకు, సన్న తీగ, రంధ్రాలు పెద్దవి. ముందు ఫ్యాను కోసం ఉన్న గుండ్రటి కంతకీ అదే మెష్. బైండింగ్ వైరుతో కట్టి వదలొద్దు. నట్టు, బోల్టు, వెడల్పాటి వాషరు పెట్టి నాలుగంగుళాలకోటి బిగించు. మెష్ కోసినప్పుడు ముళ్ళలాంటి కొసలు వస్తాయి. వాటిని వెనక్కి వంచి ఆకురాయితో రుద్ది, వేలు పోనిచ్చి చూడు. నీ వేలికి గుచ్చుకుంటే వాటి కడుపుకీ గుచ్చుకుంటుంది. తర్వాత మెష్‌ని వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచి, మంచి నీళ్ళతో కడిగి ఎండబెట్టు. కొత్త జీఐ (జింకు పూత వేసిన ఇనప) మెష్ మీద జింకు పొడి ఉంటుంది.

ఒక పక్క పలకకి రెండు బందులు, గడియ పెట్టి తలుపు చెయ్. పక్క మొత్తం తెరుచుకుంటే చెయ్యి ప్రతి మూలకీ అందుతుంది, రోజూ శుభ్రం చేయడం బరువనిపించదు. శుభ్రం చేయడానికి కష్టమైన గూడు నెల తిరిగేసరికి మురికి గూడవుతుంది, ఎంత ఇష్టమున్నా అంతే.

కూలర్‌లో నాకు బాగా నచ్చేది అడుగున ఉన్న నీళ్ళ తొట్టి. ఆరంగుళాల లోతు ఉంటుంది. అదే నీ పొట్టు ట్రే! ఎంత తవ్వినా బయటికి రాలదు. నీళ్ళు వదిలే కంతకి బిరడా బిగించు, ఫ్లోట్ వాల్వు కంతకి రెండు వైపులా వాషర్లు.

అంతస్తులకి పాత ఫ్రిజ్ రాకులు. పాత సామాన్ల షాపులో కిలో లెక్కన ఇస్తారు. వాటి మీద సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీటు కోసి పరుచు, ఎన్నికల బోర్డులవి బోలెడు దొరుకుతాయి. కొరుకుతాయి, అప్పుడు మార్చడమే. ఒక అంతస్తు నుంచి ఇంకోదానికి అడుగుకి మించి పడే వీలుండకూడదు. మధ్యలో పాత జీన్స్ కాలు కోసి ఉయ్యాల కట్టు.

---

గోదారి_గట్టు | ఏప్రిల్ 5, ఉదయం 7:00

కాళ్ళ సంగతి కూడా చూసుకో బాబూ. మన వైపు చీమలు ఊరుకోవు. నాలుగు కాళ్ళ కింద నాలుగు గిన్నెల్లో నీళ్ళు. చీమల చాక్‌పీసు, పౌడరు మాత్రం ఆ గది దరిదాపుల్లో వద్దు. పాత బట్టల పెట్టెలోంచి తీసిన గుడ్డ లోపల వేస్తే కలరా ఉండల వాసన లేదని చూసుకో. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ కూడా ఆ గదిలో పెట్టకు. ఇంట్లో పూజ మానక్కర్లేదు, పొగ ఉన్నంతసేపు తలుపు వేసి ఉంచితే చాలు.

---

చిట్టెలుకల_ఇల్లు | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, ఎండ గురించి ఎవరూ ఇంకా చెప్పలేదు. ఎలుకకి మనలా చెమట పట్టదు. తోక, చెవుల గుండానే వేడి వదులుకుంటుంది. గదిలో 30 దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. మీ డాబా కింది గదిలో మేలో పగలు 40 ఉంటుంది. నిరుడు రోహిణి కార్తెలో మధ్యాహ్నం కరెంటు పోయి రెండు గంటలు రాలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా చిట్టెలుకల్లో ఒకటి పొట్ట నేలకి ఆనించి, నాలుగు కాళ్ళు చాపి పడుకుని ఉంది. గడ్డం అంతా చొంగతో తడిసింది. మామూలు నీళ్ళలో గుడ్డ తడిపి తోక, పాదాలు, చెవులు తుడుస్తూ కూర్చున్నాను. ఐసు నీళ్ళలో ముంచకూడదు, ఒక్కసారిగా చల్లబడితే తట్టుకోలేవు. అది బతికింది. దాంతో పాటు ఉన్న ముసలిది బతకలేదు.

అప్పటి నుంచి మార్చి చివర్లోనే ఏర్పాట్లు చేసుకుంటున్నాను. పగిలిన మట్టి కుండని నీళ్ళలో నానబెట్టి అడ్డంగా పడుకోబెట్టి పెడతాను. దాని మూతి చిన్న పూలకుండీ అంత ఉంటుంది, ఐదూ అందులోనే దూరతాయి. ఇంటి పనిలో మిగిలిన తాండూరు బండ ముక్క ఒకటి నేల మీద. నీళ్ళ సీసా గడ్డకట్టించి సాక్సులో పెట్టి ఒక మూల వేస్తాను, వద్దనుకుంటే దూరంగా వెళ్ళేలా. ఫ్యాను నేరుగా వాటి మీదికి తిప్పను.

తడి గోనె సంచి మాత్రం చూసి వాడాలి. మా కరీంనగర్ పొడి వేడికి బాగా పనిచేస్తుంది. మీ బెజవాడలో ఉక్కపోత, గాలాడని గదిలో గోనె తడిపితే ఇంకా ఉడుకుతుంది. కుదిరితే మే నెలంతా పగలు వాటిని కింది అంతస్తుకి దింపడం మేలు. ఓనర్ గారు మంచివాళ్ళలా ఉన్నారు, అడిగి చూడండి.

---

ఫార్మా_పిల్ల | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 2:45

తాండూరు బండకి ఇంకో ఉపయోగం ఉంది అక్కా. పొట్టు ట్రేలో ఒక మూల చదునైన రాయి పెడితే ఎలుకలు చాలావరకు దాని మీదే మూత్రం పోస్తాయి. రోజూ ఆ రాయి ఒక్కటి కడిగితే సగం వాసన పోతుంది. చల్లదనానికి ఒక ముక్క, దీనికి ఒక ముక్క.

---

గుంటూరు_మిర్చి | ఏప్రిల్ 9, రాత్రి 9:15

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు చిట్టెలుకలు పెంచాలని ఉంది. మగది, ఆడది జంటగా తీసుకుని పంజరం మధ్యలో అట్ట అడ్డం పెడితే సరిపోతుందా?

---

చిట్టెలుకల_ఇల్లు | ఏప్రిల్ 9, రాత్రి 9:50

వద్దండి. అట్ట ఒక్క రాత్రి కూడా ఆగదు. మూడు వారాలకే పిల్లలు, ఈనిన రోజే తల్లి మళ్ళీ కట్టగలదు, ఆ పిల్లలు కూడా ఆరు వారాలకే కట్టగలవు. అప్పుడు ఏ గూడూ చాలదు. రెండు మూడు ఆడవి తీసుకోండి. మగ చిట్టెలుకలు రెండు కలిపితే చచ్చేలా కొట్టుకుంటాయి. షాపులో ఆడ, మగ ఒకే డబ్బాలో ఉంటే అక్కడ కొనకండి, కడుపుతో ఉన్నది వచ్చేస్తుంది. తోక కింద మూత్ర రంధ్రానికీ మలద్వారానికీ మధ్య దూరం చూడండి. ఆడదానికి తక్కువ, మగదానికి దాదాపు రెట్టింపు.

---

బెజవాడ_బుల్లోడు | ఏప్రిల్ 21, రాత్రి 10:30

గూడు పూర్తయింది! లెక్క: మెష్ 520, నట్లు బోల్టులు వాషర్లు 140, బందులు, గడియ 90, ఫ్రిజ్ రాకులు రెండు 150, ఉప్పు కాగితం, బ్రష్షు 80, నీళ్ళ సీసా 180. మొత్తం 1160. కూలర్ ఊరికే, సన్‌ప్యాక్ ఊరికే, జీన్స్ నాదే.

ఒక తప్పు చేశాను, మీరు చెయ్యకూడదని రాస్తున్నాను. వెనక పలక కింది మూలలో బోల్టు పట్టలేదు. మేస్త్రి అన్న వద్దన్నా బైండింగ్ వైరుతో కట్టేశాను. మూడో రోజు తెల్లవారి చూస్తే నువ్వు ఒక్కతే ఉంది. మెష్ మూల రెండు వేళ్ళ మందాన లోపలికి వంగి ఉంది. మంచం కింద, బీరువా వెనక, బాత్‌రూంలో, అంతా వెతికాను. కింద కిటికీలో పిల్లి కూర్చుని ఉంది, గుండె జారిపోయింది. చివరికి నేల మీద పడుకుని కదలకుండా విన్నాను. బియ్యం సంచి వెనక నుంచి కరకరమని చప్పుడు. సంచి మూల కొరికి, ఒళ్ళో గింజలు పెట్టుకుని కూర్చుని తింటోంది. మంచి రోజు, అంతే. అదే పూట చిన్న డ్రిల్లు అరువు తెచ్చి ఆ మూల రెండు బోల్టులు వేశాను.

తుమ్ములు చాలా తగ్గాయి. నువ్వు ముక్కు ఎరుపు పోయింది. మొదటి రాత్రి రెండూ కిందే నక్కి ఉన్నాయి. రెండో రాత్రి బెల్లం ముందు కాళ్ళు రాకు మీద వేసి చాలాసేపు అలాగే నిలబడి, ఎక్కి, ఉయ్యాలలోకి దూకింది. ఉయ్యాల ఊగగానే భయపడి దిగేసి మళ్ళీ ఎక్కింది. పన్నెండింటి దాకా నేను లైటు ఆపేసి ఫోను వెలుతురులో చూస్తూ కూర్చున్నాను. తొట్టిలో ఉన్నప్పుడు అది ఎప్పుడూ నిటారుగా నిలబడలేదని అప్పుడు తట్టింది. రెండు నెలలు అలా ఉంచాను.

మే మొదటి నుంచి పగలు కింద ఓనర్ గారి వరండా పక్క గదిలో ఉంచుకోమన్నారు.

గాజు తొట్టి ఖాళీగా ఉంది. చిట్టెలుకలకి పనికొస్తుందా అక్కా?

---

చిట్టెలుకల_ఇల్లు | ఏప్రిల్ 21, రాత్రి 11:00

రెండడుగులది అంటున్నారు కాబట్టి రెండు మూడు ఆడ చిట్టెలుకలకి పనికొస్తుంది. ఆ రేకు మూత తీసేసి మొత్తం పావంగుళం మెష్ మూత చేయాలి, చెక్క చట్రం కట్టి బరువుగా. చిట్టెలుకలు పోసేది చిటికెడు, తవ్వుకోవడానికి లోతు కావాలి, అందుకే గాజు వాటికి కొంత నయం. ఎండాకాలం మాత్రం మళ్ళీ ఆలోచించాలి, గాజు వేడిని పట్టి ఉంచుతుంది. జూన్ వానలు పడ్డాక మొదలుపెట్టమంటాను.

---

గుంటూరు_మిర్చి | ఏప్రిల్ 22, ఉదయం 8:20

బుల్లోడు గారూ, తొట్టి నాకిస్తారా? ఆదివారం బెజవాడ వస్తున్నాను. డబ్బు ఎంత చెప్పినా సరే. మూత జూన్ లోపు నేనే చేసుకుంటాను, ఎలుకల్ని ఆ తర్వాతే తెస్తాను.

---

బెజవాడ_బుల్లోడు | ఏప్రిల్ 22, ఉదయం 8:35

డబ్బు వద్దండి. పావంగుళం మెష్ మీటరు కొనుక్కుని రండి, ఓనర్ గారింట్లో రేకు కత్తెర ఉంది, ఇద్దరం కలిసి ఇక్కడే మూత చేద్దాం. బోల్టులు నా దగ్గర మిగిలాయి.